పెద్దింటాయన పేరు

ఆగస్టు 12, 1995

బత్మా అక్క రానంది.

పిలవడానికి నేనే వెళ్ళాను. నాన్న పోయి ఏడాదైన విందుకి ఇంటి పెద్దాడపడుచుని, పెద్దనాన్న కూతుర్ని, కబురు పెట్టి పిలిస్తే పరువు దక్కదు, తెల్లగుడ్డ పట్టుకుని స్వయంగా వెళ్ళాలి. అక్క ఊరు తెరెక్-సూ చేరేసరికి బస్సులో నడుం విరిగింది. అక్క టీ పోసింది, రొట్టె తుంచి పెట్టింది, మెదెర్ అన్నయ్య గుర్రాల సంగతి అడిగింది. ఇక బయల్దేరదాం అనుకుంటుండగా లోపలికి వెళ్ళి నాన్న నవల తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. మా నాన్న పేరు ఎక్కడుందో చూపించు."

పెద్దనాన్న మొత్తం అందులోనే ఉన్నాడు కదా అన్నాను. బూడిదరంగు గుర్రం, కుంటి కాలు, పొరుగూరికి వినబడే నవ్వు, తన చేతులతో కట్టిన బడి, అన్నీ ఉన్నాయి కదా అన్నాను. ఆయన నవ్వు నాకెందుకు, పేరు చూపించమంది. ఎలా చూపిస్తాను? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా "పెద్దింటాయన" అనే ఉంది.

"చిన్నాన్న ఒకసారి నోటితో కాదన్నాడు. అప్పుడు కుర్రాడు, భయపడ్డాడు, సరే అనుకున్నా. ఇప్పుడు రాతలోనూ కాదన్నాడు. ఇప్పుడు ఎవరికి భయపడ్డాడే?"

గుడ్డ మడత విప్పకుండా తిరిగి నా సంచిలో పెట్టింది. మీ నల్లబట్టలు నేను విప్పను, ఇంకెవరి చేతనైనా విప్పించుకోండి అంది.

ఇంకెవరున్నారు? పెద్దాడపడుచు తెల్లగుడ్డ కట్టకపోతే నాకూ జూరా వదినకీ ఈ నలుపు దిగదు. నా వరకు నాకు పట్టింపు లేదు, నగరంలో నలుపు వేసుకుంటే సన్నగా కనబడతామంటారు. కానీ నాలుగు లోయల జనం వచ్చిన రోజు పెద్దన్న కూతురు కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీ అని అడగని వాడు ఉండడు. అక్క దాచుకునే మనిషీ కాదు. నాన్న పోయాక కూడా మరోసారి పిరికివాడు అవుతాడు.

ఆగస్టు 13

నవలని ఎడిట్ చేసింది నేను. ముందుమాట రాసింది నేను. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు: "ఈ కథానాయకుడికి పేరు లేదు. పేరు పెడితే ఒక్క ఇంటివాడయ్యేవాడు. ఆ పేరు తీసేసి రచయిత అతన్ని, ఆ ఏడాది ఇళ్ళలోంచి మాయమైన వాళ్ళందరి తరఫునా, మనందరికీ అన్నని చేశాడు."

ఇది చదివి ఏడ్చామని ఎంతమంది చెప్పారు! పక్కదేశం ప్రొఫెసర్ ఒకాయన ఫోన్ చేసి, జానిజాక్ గారు రాసిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఈ పేరు లేకపోవడం ఒక ఎత్తు అన్నాడు. బత్మా అక్క నవలని నవలలా చదవలేదు. తప్పిపోయిన మనిషిని సంతలో వెతుక్కున్నట్టు వెతుక్కుంది.

కానీ నాన్న మాట ఇచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన చూపు పూర్తిగా పోయిన చలికాలం అది. అక్క వచ్చి మంచం పక్కన కూర్చుంది. 1938లో పోలీసులు పెద్దనాన్నని తీసుకుపోయాక, బడి ముందు అందర్నీ నిలబెట్టి నాన్నని ముందుకు రమ్మన్నారట. "బెర్దికె నా అన్న కాదు," అన్నాడట నాన్న. చిన్నపిల్లల వరసలో నిలబడి అక్క ఆ మాట విన్నది. ఆ తర్వాత నాన్న ఎన్ని పుస్తకాలు రాశాడో, ఎన్ని పతకాలు తగిలించుకున్నాడో! ఆ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అలాంటివాడు ఆ చలికాలం అక్క చేతిని తడుముకుని పట్టుకున్నాడు.

"జనం ముందు కాదన్న పేరు జనం ముందే రాస్తానమ్మా. అది రాశాకే పోతాను."

రాసే పోయాడు. అంటే, రాశాడనే అనుకున్నాం.

ఆగస్టు 15

నాన్నా, భయపడ్డావా?

ఆగస్టు 16

భయం కాదు, కళ. రాసేవాడికి చివరి నిమిషంలో ఇంకో దారి తోస్తుంది. నాకు ఎడిటింగులో ఎన్నోసార్లు తెలిసిన సంగతే. మాట ఇచ్చినప్పుడు తండ్రిలా ఇచ్చాడు, రాసేటప్పుడు రచయితలా రాశాడు.

ఇది బాగుంది. అక్కకి ఇలా చెప్పాల్సింది.

ఆగస్టు 18

ఇల్లు ఇల్లులా లేదు. దొడ్డినిండా గుడారాల కర్రలు, ఉన్ని పరదాలు. పందెంలో ఎవరి గుర్రాలు, తీర్పు ఎవరు చెప్పాలి, ఏ గుడారంలో ఏ లోయవాళ్ళు అని మెదెర్ అన్నయ్య పొద్దస్తమానం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు. వడ్డన దగ్గర అసలు పేచీ. కిందటేడు ఎవరింట్లోనో ఒక పెద్దమనిషికి తుంటి ఎముక బదులు జబ్బ ఎముక పెట్టారట. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు, ఇప్పటికీ రెండు ఇళ్ళకీ మాటల్లేవు. అందుకని ఎవరికి ఏ ఎముక అన్నది అన్నయ్య వదిన చేత అప్పజెప్పించుకుంటున్నాడు.

"తోక దగ్గరి ముక్క బత్మా అక్కకి. అది మాత్రం మర్చిపోకు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, అక్క వస్తానందా అని అడిగాడు.

వస్తుంది అన్నాను. మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

ఆగస్టు 21

ఇవాళ నవ్వలేక చచ్చాం.

సమాధి రాయి చెక్కే ఓస్కోన్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం చూస్తే రాయి పగిలిందేమో అనుకున్నాను. రాయి మీద ఏం చెక్కాలో టైపు చేసి ఇచ్చిరమ్మని కిందటివారం వదినని పంపాం కదా, ఆ కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"అక్కయ్యా, దేశమంతా ఎరిగిన మనిషి. రాయి మీద పేరు అక్కర్లేదా? 'మా ఇంటి పెద్దదిక్కు, రచయిత' అనుంది. పుట్టిన ఏడుంది, పోయిన ఏడుంది. చెక్కేయమంటే చెక్కేస్తా, తర్వాత నా మీద పడొద్దు."

అన్నయ్య పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. వదిన తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చెవుల దాకా ఎర్రబడింది.

ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ అంతే. మామగారి పేరు, మామగారి అన్నదమ్ముల పేర్లు కోడలి నోట రాకూడదు. మా అమ్మా అలాగే బతికింది, కానీ వదినది మరీ చోద్యం. పక్కింటి కుర్రాడికి నాన్న పేరే పెట్టారు. వాణ్ణి "దొడ్డి అవతలోడా" అని కేకేస్తుంది, వాడూ పలుకుతాడు. నన్నూ పేరు పెట్టి పిలవదు. యాభైకి దగ్గర పడుతున్నా నేను ఆమెకి "చదువుల పిల్ల"నే.

నగరంలో కోడళ్ళు మామల్ని పేరు పెట్టి తిడుతున్నారు, నువ్వింకా ఏ కాలంలో ఉన్నావు వదినా అన్నాను.

"తిట్టించుకునే మామలు దొరికారేమో వాళ్ళకి," అంది.

మరి కాగితం మీద కొట్టడానికి ఏమైందని అన్నయ్య అడిగాడు. పేరు దగ్గరకి వచ్చేసరికి చేతులు రాలేదంది. ఎవరో ఒకరు నింపుతారులే అనుకుందట.

రాయికి పేరు నేనే రాసిచ్చాను. ఓస్కోన్ వెళ్తూ వెళ్తూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఆగస్టు 22

చేతులు రాలేదు, అంది.

నోరు రాలేదు అనలేదు. చేతులు.

నవల టైపు చేసింది ఆ చేతులే.

ఆగస్టు 23

వదిన వరండాలో విందుకి పరుపులు కుడుతోంది. నేనూ ఒక అంచు పట్టుకుని కూర్చున్నాను. మామూలుగా అడుగుతున్నట్టే, నాన్న నవల ఎలా చెప్పేవాడని అడిగాను. ఆమెకి ఆ రోజులంటే ఇష్టం. పొద్దున్నే టీ తాగి చెప్పేవారంది. కళ్ళు కనబడకపోయినా మూసుకుని చెప్పేవారంది. మిషను చప్పుడు ఆగితే, ఏమ్మా దారి తప్పావా అని వేళాకోళం చేసేవారంది. ఆమె పెళ్ళికి ముందు కల్ఖోజ్‌లో, అదే సమష్టి వ్యవసాయ క్షేత్రం ఆఫీసులో, టైపు చేసేది. ఆ వేగం చూసి నాన్న, నువ్వు నాకంటే ముందు పరిగెత్తకు అనేవాడట.

"పెద్దనాన్న వచ్చే చోట ఏమని చెప్పేవాడు?"

"పేరే చెప్పేవారు."

"నువ్వు?"

"ఆయన మామగారికి అన్న. నేనెలా కొడతాను? పెద్దింటాయన అని కొట్టేదాన్ని. సాయంత్రం అంతా చదివి వినిపించేదాన్ని. పెద్దింటాయన అని చదివితే నవ్వేవారు, 'నువ్వు మారవు కదా' అనేవారు. ఒక్కనాడూ వద్దనలేదు."

నాన్న నవ్వింది ఆమె నోటిని చూసి. కోడలు పలకలేక అలా చదువుతోంది, కాగితం మీద తను చెప్పిందే ఉందనుకున్నాడు. పక్కనే కూర్చుని చూడటానికి ఆయనకి కళ్ళు లేవు. చూడాల్సిన దాన్ని నేను. రాతప్రతి నా చేతికి వచ్చేనాటికి ఆయన బతికే ఉన్నాడు. ఫోన్ చేసి, నాన్నా పేరు ఎందుకు తీసేశావు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. అంత పెద్ద ఎడిటర్ని, నాకు అర్థమైపోయింది కదా.

అయిపోయిందన్న రోజు ఏమన్నాడని అడిగాను.

"'ఇక బత్మాకి మొహం చూపించగలను' అన్నారు. ఎందుకన్నారో నేను అడగలేదు," అంది. దారం పంటితో కొరికి తెంచింది.

ఆమె మొహంలో ఏ అనుమానమూ లేదు. పరుపు అంచు మడిచి ఆమెకి అందించాను.

నాన్న పిరికివాడు కాదు. ఇంకోసారి రాసుకుంటాను. నాన్న పిరికివాడు కాదు.

ఆగస్టు 24

రేపే తెరెక్-సూ వెళ్ళి అక్కకి చెప్పేయాలి. చెబితే వస్తుంది, నాన్న నిలబడతాడు.

మరి వదినో? అక్క నోట్లో నువ్వుగింజ నానదు. కళ్ళు లేని ముసలాయన్ని కోడలు మోసం చేసిందని, దేశం నెత్తిన పెట్టుకున్న నవలని ఒక ఆడది పాడుచేసిందని నాలుగు లోయలూ అంటాయి. నాన్నకి చివరి రోజుల్లో అన్నం తినిపించి, గోళ్ళు తీసి, ఉచ్చపాత్ర ఎత్తింది ఎవరు? నేను కాదు. ఆమెని అలా నిలబెట్టే హక్కు నాకు లేదు.

వెళ్ళను. వదిన కోసం.

ఆగస్టు 26

ప్రచురణకర్త నుంచి ఫోన్. నవల రెండో ముద్రణ అట. బడిపిల్లల వాచకంలో నా ముందుమాట కూడా వేస్తారట. విందు రోజు అకాడమీ పెద్దాయన అందరి ముందూ దాన్ని చదివి వినిపిస్తాడట. చాలా సంతోషం అన్నాను.

దీనికీ దానికీ సంబంధం లేదు. నేను ఆగింది వదిన కోసం.

ఆగస్టు 29

వదిన కోసమే.

సెప్టెంబరు 1

అయిపోయింది. అంతా నేనే పాడుచేశాను.

అన్నయ్యకి గుర్రాల సంతలో బత్మా అక్క కొడుకు తగిలి, మా అమ్మ రావడం లేదు కదా అన్నాడట. దొడ్లోకి వస్తూనే నా మీద విరుచుకుపడ్డాడు. వస్తుందని నా మొహం మీద ఎలా అబద్ధం చెప్పావు, అంత చదివి నేర్చుకుంది ఇదేనా అన్నాడు. నేను నెమ్మదిగా సర్దిచెబుదామనే మొదలుపెట్టాను. వినలేదు. అక్క అన్నదాంట్లో తప్పేముంది, నాన్న చివరిదాకా ధైర్యం చెయ్యలేకపోయాడు, చేతికి అందిన అవకాశం కూడా జారవిడిచాడు అన్నాడు.

అది నేను భరించలేకపోయాను.

"నాన్న పేరు చెప్పాడు. ప్రతిసారీ చెప్పాడు. రాయనిది నీ పెళ్ళాం. పేరు పలకకూడదని కాగితం మీద కూడా మింగేసింది. నాన్న రాశాననుకునే పోయాడు."

అన్నయ్య నా భుజం మీదుగా నా వెనక్కి చూస్తున్నాడు. తిరిగి చూశాను. పాలచెంబుతో వదిన.

చెంబు జారలేదు, కేక వేయలేదు. లోపలికి వెళ్ళి పాలు వడకట్టింది.

సెప్టెంబరు 2

ఈ సంగతి గడప దాటితే నువ్వు నా చెల్లెలివి కావు అన్నాడు అన్నయ్య.

ఈ ఇంట్లో ఆ మాట అనడం అలవాటే.

వదిన నాతో మాట్లాడటం లేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. దొడ్డి అవతలోడు వచ్చి రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయాడు. క్షమించమందామని వంటింట్లోకి వెళ్ళాను. పిండి కలుపుతూ నేను నిలబడటానికి చోటు ఇచ్చి జరిగింది. అంతకంటే ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె పిండి చేతులతోనే నా చేతికి జల్లెడ అందించింది.

సెప్టెంబరు 4

పొద్దున్నే పాలలారీ ఎక్కి వదిన ఎటో వెళ్ళింది. సాయంత్రం బూట్లనిండా ఎర్రమట్టితో వచ్చింది. ఎర్రమట్టి తెరెక్-సూ దారిలోనే ఉంటుంది. ఎక్కడికెళ్ళావని అన్నయ్య అడిగితే, పనుంది అంది. మూడు రోజుల్లో ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

సెప్టెంబరు 7

రేపు విందు. అకాడమీ పెద్దాయన దిగాడు. నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మీ వాక్యాలు చదవడం నా అదృష్టం అన్నాడు.

నేను మాట్లాడాల్సింది రెండు రకాలుగా రాసుకున్నాను. ఒకదాంట్లో నిజముంది. రెండూ సంచిలో ఉన్నాయి.

సెప్టెంబరు 9

నిన్నటిది రాసుకోవాలి.

బత్మా అక్క వచ్చింది. మనవడి పాత కారులోంచి దిగి, అన్నయ్యకి బుగ్గ ఆనించి, తిన్నగా ఆడవాళ్ళ గుడారంలోకి వచ్చి పెద్దచోట కూర్చుంది. నావైపు చూడలేదు. వదిన వెళ్ళి తలగడ సర్దితే ఊరుకుంది. వాళ్ళిద్దరి మధ్యా ఏం నడిచిందో నాకు అర్థం కాలేదు.

బయట గుర్రాలు దిగుతున్నారు. లోయలవారీగా జనం వస్తున్న కొద్దీ లోపల మేం గోడ వైపు తిరిగి కూర్చుని ఏడుపు పాట అందుకోవాలి. కూతుర్ని కాబట్టి మొదట నేను. ఏముంది, దేశానికి దీపమన్నాను, కలానికి రాజన్నాను. పాట బాగా వచ్చింది. బయట మగవాళ్ళు మెచ్చుకుంటూ గొంతులు సవరించుకోవడం వినబడింది.

ఆ తర్వాత పరదా అవతల అకాడమీ పెద్దాయన లేచాడు. నా ముందుమాట చదవడం మొదలుపెట్టాడు. మంచి గొంతు. "పేరు పెడితే ఒక్క ఇంటివాడయ్యేవాడు," అని ఆగాడు, జనం నిట్టూర్చేదాకా. నేను తల కొద్దిగా తిప్పి బత్మా అక్కని చూశాను. ఆ ఒక్క ఇంటిది అక్కడే కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడి ముందు వరసలో నిలబడ్డ పిల్లలా వింటోంది.

నిజమున్న కాగితం నా గుప్పిట్లో ఉంది. లేచి బయటికి వెళ్ళి చదివితే చాలు. లేవలేదు. వదిన కోసం అనుకుంటూనే ఉన్నాను. అనుకుంటూ అనుకుంటూ ఉండగానే నాకు తెలిసిపోయింది. నా వాక్యాలు నాకు ముద్దుగా ఉన్నాయి. అంతే. నాన్న పరువూ కాదు, వదిన పరువూ కాదు. సిగ్గుతో నా మెడ కాలిపోయింది, అయినా లేవలేదు.

అప్పుడు వదిన పాట అందుకుంది. ఆమెది బొంగురు గొంతు. మామూలుగా నా వెనక వంత పాడి ఊరుకుంటుంది.

"గుర్రం దిగిన పెద్దల్లారా, గుడారం బయటి అన్నల్లారా,
చూపు పోయిన మామగారు కోడలి చేతిని నమ్ముకున్నారు.
చెప్పింది చెప్పినట్టు పెట్టమన్నారు,
కోడలి చెయ్యి ఒక్క మాట దాచేసింది.
బెర్దికె అన్నారు మామగారు, బెర్దికె నా అన్న అన్నారు.
పొద్దున్నే అన్నారు, రోజూ అన్నారు.
రాయనిది నేను, రాయనిది నేను.
ఆయన రాశారు, బెర్దికె పేరు రాశారు."

బయట చదవడం ఆగిపోయింది. గుడారంలో ఒక ముసలామె చటుక్కున వదిన భుజం పట్టుకుని లాగింది, నోరు మూసుకోమన్నట్టు. కోడలు పెద్దమామ పేరు పలకడం, అదీ నాలుగు లోయల మగవాళ్ళు వినేలా, ఈ కొండల్లో ఎవరూ ఎరగరు. వదిన భుజం విదిలించుకోలేదు. గోడకేసి తిరిగి అలాగే కూర్చుంది. ఆమె వీపు నాకు కనబడుతోంది, ఎగసెగసి పడుతోంది.

బత్మా అక్క లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. అక్క వచ్చి వదిన పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"మళ్ళీ అను."

"బెర్దికె," అంది వదిన.

"అందరికీ వినబడేలా అను."

వదిన అంది. అక్క తనూ గోడ వైపు తిరిగింది. నాన్నా, అని మొదలుపెట్టింది. పెద్దనాన్నకి శవం లేదు, సమాధి లేదు, ఏడాది విందు లేదు. ఆయన కోసం ఈ కొండల్లో ఇంతవరకూ ఎవరూ ఏడుపు పాట పాడలేదు, పాడనిచ్చిన వాళ్ళూ లేరు. అక్కకి పాట రాలేదు, ఎప్పుడు పాడింది కనక? నాన్నా నీ గుర్రాన్ని వాళ్ళు తోలుకుపోయారు, నాన్నా నీ టోపీ నా దగ్గరే ఉంది, అని చిన్నపిల్ల మాటలే మళ్ళీ మళ్ళీ అంది. మేమందరం వంత అందుకున్నాం. నేనూ అందుకున్నాను, ఈసారి పాట ఎలా వస్తోందో చూసుకోలేదు.

పరదా అవతల ఎవరో పెద్దాయన బెర్దికె పేరు మీద ప్రార్థన మొదలుపెట్టాడు. చివర అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్న చప్పుడు, వాన మొదలైనట్టు, లోపలికి వినబడింది. అకాడమీ పెద్దాయన మిగతా సగం చదవలేదు.

వడ్డన దగ్గర తోక దగ్గరి ముక్క తన ముందుకు రాగానే అక్క కత్తి తీసుకుని రెండుగా కోసి ఒకటి వదినకి ఇచ్చింది. అన్నయ్య ఇంకా వదిన మొహం చూడటం లేదు, కానీ ఆమె గిన్నెలో టీ తనే పోసి పట్టుకొచ్చాడు. వాళ్ళ పెళ్ళయ్యాక అలాంటిది నేను చూడలేదు.

సాయంత్రం నలుపు విప్పేటప్పుడు అక్క మొదట వదినకి తెల్లగుడ్డ కట్టింది. మొన్న వదిన పాలలారీ దిగొచ్చి, విందుకి రండి, మీ ముందు ఒక మాట చెప్పాలి అని మాత్రమే అందట. అదేదో అక్కడే చెప్పమంటే, ఇక్కడ మీరొక్కరే వింటారు అందట.

తర్వాత నా వంతు. గడ్డం కింద ముడి బిగిస్తూ అక్క నా కళ్ళలోకి చూసింది.

"నీకు ముందే తెలుసు కదే?"

తెలుసు అన్నాను.

"బయట చదివింది నీ రాతేనట. బాగుంది. కాదని చెప్పడం మనింట్లో ఎవరికైనా బాగానే వచ్చు."

సెప్టెంబరు 21

వదినా నేనూ రెండో ముద్రణకి కూర్చున్నాం. నేను నవల చదువుతుంటే ఆమె టైపు చేస్తోంది. పేరు వచ్చిన చోటల్లా మిషను మీంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ అవతల ఏదో ఉన్నట్టు అటు చూస్తుంది. నేను వంగి ఆ అక్షరాలు కొడతాను. మళ్ళీ అందుకుంటుంది.

అందరి ముందూ పలికావు కదా వదినా, ఇక్కడ ఇద్దరమే ఉన్నాం కదా అన్నాను.

"అది ఏడుపు. ఇది పని," అంది.

ముందుమాట తీసేశాను. వాచకంలో కూడా వద్దని ఉత్తరం రాసి పడేశాను. రెండు రోజులు దిగులుగా ఉంది, అబద్ధమెందుకు. ముందుమాట ఇంకా కొట్టలేదేమని వదిన అడిగింది. ఇక లేదన్నాను. బాగుండేదంది, చదివి తనూ ఏడ్చిందట.

దాని చోట ఒక్క వాక్యం వేద్దామన్నాను. చెప్పు అంది. చెప్పాను: "చూపు పోయాక జానిజాక్ ఈ నవలని నోటితో చెప్పాడు, కోడలు జూరా టైపు చేసింది."

నాన్న పేరు దగ్గర చేతులు ఒళ్ళోకి తీసుకుంది, నేను కొట్టాను. "కోడలు" దాకా గబగబా వచ్చింది. అక్కడ ఆగింది. ఈసారి చేతులు మిషను మీదే ఉన్నాయి.

"నా పేరెందుకు, చదువుల పిల్లా?"

"అది పలకడానికి నీకు అడ్డేమీ లేదు కదా."

వదిన మిషను మీదికి వంగింది. నవలంతా చూడకుండా కొట్టిన మనిషి తన పేరుకి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.